2027 ఫిబ్రవరి రాత్రి ఆకాశం: నెల్లూరు, ప్రకాశం తీరం నుంచి ఏమి చూడాలి, ఏ వరుసలో చూడాలి

ఏ నెలలో ఏ చుక్క కనిపిస్తుందో చెప్పే జాబితాలకు కొదవ లేదు. ఆ జాబితా పట్టుకొని మిద్దె ఎక్కినవారు పావుగంటలో దిగి వచ్చేయడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఏ తేదీన, ఎక్కడ నిలబడి, ఏ దిక్కు నుంచి మొదలుపెట్టాలో వారికి ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఈ మార్గదర్శిలో చుక్కల కంటే ముందు తేదీలు, చోటు, సామాను వస్తాయి.

ఇక్కడ ఇచ్చిన వేళలు ఫిబ్రవరి 15 ప్రాంతానికి, నెల్లూరుకు సరిపోతాయి. ఒంగోలులో తేడా నామమాత్రమే. చుక్కలు రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కాబట్టి, నెల మొదట్లో చూసేవారు ఒక గంట కలుపుకోవాలి, నెలాఖరున చూసేవారు ఒక గంట తీసివేయాలి. గ్రహాలకు, చంద్రుడికి ఈ లెక్క వర్తించదు కనుక వాటి తేదీలను విడిగా ఇస్తున్నాను.

## 1. ముందు తేదీ ఎంచుకోండి

మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బు ఆకాశాన్ని వదలదు. సంక్రాంతి దాటాక గాలి పొడిబారుతుంది, ఫిబ్రవరి సాయంత్రాలు చాలావరకు తేటగా ఉంటాయి. కాబట్టి మబ్బు కంటే చంద్రుడి గురించే ఎక్కువ ఆలోచించాలి.

- ఫిబ్రవరి 1 నుంచి 12 వరకు: మొదటి రోజుల్లో చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు, అమావాస్య 6వ తేదీన, తరువాతి నెలవంక పెందలాడే అస్తమిస్తుంది. మసక చుక్కల గుంపులను, చుక్కల మధ్య వాయు మేఘాలను చూడదలచినవారికి ఇవే రోజులు. ఆ అమావాస్యనాటి సూర్యగ్రహణం మన దేశంలో కనిపించదు.
- 10 సాయంత్రం: పడమట నెలవంక, దానికి దగ్గరలో శని.
- 14 సాయంత్రం: సగం చంద్రుడు కృత్తికల దగ్గర.
- 20 రాత్రి: నిండు చంద్రుడు, మఖ, కుజుడు ఒకేచోట. మర్నాటి తెల్లవారుజామున ఉపచ్ఛాయ చంద్రగ్రహణం, అంటే భూమి పలచని నీడ మాత్రమే పడేది.
- 24 నుంచి నెలాఖరు వరకు: చంద్రుడు రాత్రి తొమ్మిది దాటాక వస్తాడు కనుక ముందరి రెండు గంటలు చీకటి దొరుకుతుంది.

ఒక్క రాత్రే వీలున్నవారు 6 నుంచి 9వ తేదీల మధ్య పెట్టుకోవడం మేలు. పున్నమి నాడు ఆకాశం బాగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు, నిజానికి ఆ రోజు కనిపించేది చంద్రుడు మాత్రమే.

## 2. చోటు: తూర్పు ఎటూ ఉంటుంది, దక్షిణం సంగతి చూసుకోండి

ఇక్కడ చుక్కలు చూడాలనగానే అందరికీ సముద్రమే గుర్తుకు వస్తుంది. నెల్లూరువారికి మైపాడు, ఒంగోలువారికి కొత్తపట్నం పాతిక కిలోమీటర్ల లోపే ఉన్నాయి, తూర్పు ఆకాశానికి అడ్డేమీ ఉండదు. అయితే ఫిబ్రవరిలో అసలు సంపద దక్షిణాన ఉంది. మైపాడులో నిలబడి దక్షిణానికి తిరిగితే కృష్ణపట్నం రేవు వైపు వెలుగు అడుగు ఆకాశాన్ని తెల్లగా చేస్తుంది. అగస్త్య నక్షత్రం ఆ వెలుగుకు పైన ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, కానీ దక్షిణ శిలువ వంటి మరీ కింది చుక్కలు కావాలంటే రేవుకు దూరంగా, ఉత్తరానికి జరగాలి.

రెండో చిక్కు రొయ్యల గుంటలు. తీరం పొడవునా గట్ల మీద రాత్రంతా దీపాలు వెలుగుతుంటాయి. పగలు వెళ్లినప్పుడు చోటు ప్రశాంతంగా ఉందని ముచ్చటపడితే చాలదు, ఒకసారి ఏడున్నరకు వెళ్లి ఎక్కడ ఏ దీపం వెలుగుతుందో చూసి రావాలి. దీపం కనబడకుండా సరుగుడు తోపు అడ్డం వచ్చే చోటు దొరికితే చాలు, దీపం ఉన్నా ఫరవాలేదు.

తీరానికి పోలేనివారు లోపలికి వెళ్లవచ్చు. రాపూరు, ఉదయగిరి, పామూరు వైపు గాలి పొడిగా, ఊళ్లు పలచగా ఉంటాయి. వెలిగొండలు పడమట కొంత ఆకాశాన్ని మింగుతాయి, జామాయిల్ తోటలు కూడా అంతే చేస్తాయి కనుక చెరువు కట్ట వంటి ఎత్తైన, దక్షిణం తెరిపిగా ఉన్న చోటును ఎంచుకోండి. నా మట్టుకు నాకు తేమ లేని ఈ లోపలి ఊళ్లే నచ్చుతాయి, సముద్రపు గాలి ఇష్టమైనవారు ఒప్పుకోకపోవచ్చు.

చోటు సరిచూసుకొనే పట్టిక:

- దక్షిణాన పిడికిలెత్తుకు (చేయి పూర్తిగా చాచి బిగించిన పిడికిలి వెడల్పు, సుమారు పది డిగ్రీలు) పైన చెట్టు, గోడ, దీపం లేవు.
- బండి లైట్లు నేరుగా ముఖాన పడే దారి పక్కన లేదు.
- పాళెంలో పెద్దవారికి ఎందుకు వచ్చామో, ఎంతసేపు ఉంటామో చెప్పాము.
- కనీసం ముగ్గురం ఉన్నాము, రాత్రి నీళ్లలోకి ఎవరూ దిగరు.
- కూర్చునే చోట పొదలు, రాళ్ల సందులు లేవు. పాములు చలికాలంలోనూ తిరుగుతాయి.

## 3. సామాను

ముందుగా టెలిస్కోపు కొనకండి. మొదటి ఏడాదికి 7×50 లేదా 10×50 బైనాక్యులర్ చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. చేత్తో పట్టుకుంటే పది రెట్లే వణుకుతుంది, అంతకంటే ఎక్కువైతే స్టాండు తప్పనిసరి. పెట్టె మీద వందల రెట్లని రాసి అమ్మే చౌక టెలిస్కోపు ఒకటి నేనూ కొన్నాను. అంత పెద్దదిగా చూపే మాట నిజమే, చూపేది మాత్రం అలుక్కుపోయిన తెల్లటి మచ్చ. అద్దం వ్యాసం చిన్నదైనప్పుడు ఎన్ని రెట్లు పెంచినా కొత్త వివరం రాదు.

ఎర్ర దీపం ఇంట్లోనే తయారవుతుంది. ఎర్ర బెలూను ఒకటి తీసుకొని మూతి కత్తిరించి, మిగతా రబ్బరును చిన్న టార్చి ముఖానికి బిగుతుగా తొడగాలి. ఒక పొరతో వెలుగు ఇంకా నారింజ రంగులో ఉంటే రెండో బెలూను తొడగాలి. పుస్తకంలో అక్షరం కనబడీ కనబడనంత వెలుగు వస్తే అదే సరైన కొలత. ఎర్ర కాంతి చీకటికి అలవాటుపడిన కంటిని పెద్దగా చెడగొట్టదు.

తీరంలో తేమను లెక్కలోకి తీసుకోవాలి. రాత్రి తొమ్మిదికల్లా పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద చెయ్యి వేస్తే తడి తగులుతుంది, ఆ తడే అద్దం మీదా పడుతుంది. ఒకసారి అలా మసకబారిన అద్దాన్ని భుజం మీది తుండుతో తుడిచాను. దానికి అంటుకున్న ఇసుక రేణువు ఒకటి అద్దం మీద అర్ధచంద్రాకారపు గీత గీసింది, అది ఇప్పటికీ ఉంది. తడిసిన అద్దాన్ని తుడవకూడదు, మూత పెట్టి చొక్కా లోపల ఒంటి వేడికి పది నిమిషాలు ఉంచాలి. ఇంటికి వచ్చాక ఊదే బల్బుతో ఇసుక, ఉప్పు పొడి పోగొట్టి, ఆ తరువాతే అద్దాల గుడ్డ వాడాలి.

వెంట ఉండవలసినవి:

- బైనాక్యులర్, మెడకు వేసుకొనే తాడుతో
- ఎర్ర దీపం, మామూలు టార్చి విడిగా
- పడుకొని చూడటానికి పట్టా, దాని మీద దుప్పటి
- చెవులు కప్పే మఫ్లరు, ఫ్లాస్కులో టీ, దోమల మందు
- నోటు పుస్తకం, పెన్సిలు (తేమకు పెన్ను రాయదు)

## 4. మొదటి అరగంట: కళ్లు, దిక్కులు, కొలతలు

సూర్యాస్తమయం ఆరుంబావు ప్రాంతంలో అవుతుంది, ఏడున్నరకు పూర్తి చీకటి పడుతుంది. కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఒక్కసారి ఫోను తెరిచినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆకాశం చూపే యాప్ వాడేవారు దాన్ని ఎర్ర తెరకు మార్చి, వెలుగు అట్టడుగుకు తగ్గించి, దారి తప్పినప్పుడు మాత్రమే తీయాలి.

కళ్లు అలవాటుపడే లోపు కొలతలు నేర్చుకోండి. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు, జానెడు సుమారు ఇరవై, చిటికెన వేలు వెడల్పు ఒకటి. పిల్లల చెయ్యి చిన్నదైనా చేతి పొడవు కూడా చిన్నదే కాబట్టి ఈ కొలత వారికీ పనిచేస్తుంది.

ఇప్పుడు ఉత్తరాన ధ్రువ నక్షత్రం వెతకండి. ఏ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తు దాదాపు అంతే, కనుక నెల్లూరులో 14, ఒంగోలులో 15 డిగ్రీలు, అంటే పిడికిలిన్నర. తేమ మబ్బులో అది మసకగా ఉంటుంది. కనబడకపోతే దిక్సూచితో ఉత్తరం గుర్తించి ముందుకు సాగండి. పది గంటలకు ఈశాన్యంలో సప్తర్షులు ఏడుగురూ పైకి వచ్చాక, ముందు వచ్చిన రెండు చుక్కల గీతను పొడిగించి సరిచూసుకోవచ్చు.

## 5. ఏడు నుంచి ఎనిమిదిన్నర: ముందు పడమర, తరువాత నడినెత్తి

అస్తమించేవాటిని ముందు చూడాలి. కొత్తవారు ఈ వరుస తప్పి, మెరిసే మృగశిర దగ్గరే ఆగిపోయి, శనిని పోగొట్టుకుంటారు.

బుధుడు నెల మొదటి వారంలో మాత్రమే, సూర్యాస్తమయం తరువాత అరగంటకు, పడమట పిడికిలెత్తున ఉంటాడు. సముద్రం ఒడ్డు నుంచి చూసేవారికి పడమట చెట్లు అడ్డం కనుక ఆశ పెట్టుకోనక్కరలేదు. శని నెల మొదట్లో తొమ్మిది దాటేవరకు ఉంటాడు, నెలాఖరుకు ఎనిమిదిన్నరకే దిగిపోతాడు. బైనాక్యులర్‌లో వలయాలు కనిపించవు, పసుపు ఛాయ గల మిణకరించని చుక్కగా ఉంటాడు.

ఇక పట్టా మీద వెల్లకిలా పడుకోండి. తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి పెట్టుకుంటే తూర్పు ఎడమ చేతి వైపు వస్తుంది. ఈ వరుసలో వెళ్లండి:

- మృగశిర: నడినెత్తికి కొంచెం దక్షిణంగా, ఒకే వరుసలో దగ్గర దగ్గరగా మూడు చుక్కలు. దీనికి మించిన గుర్తు ఈ ఆకాశంలో లేదు, మిగతావన్నీ దీని నుంచే కొలవాలి.
- రోహిణి: ఆ మూడు చుక్కల గీతను పడమర వైపు రెండు పిడికిళ్లకు పైగా పొడిగిస్తే నారింజ రంగు చుక్క తగులుతుంది. నెల్లూరులో అది దాదాపు నడినెత్తి మీదుగానే పోతుంది.
- కృత్తికలు: రోహిణిని దాటి అదే వైపు మరో పిడికిలిన్నర. మన ఇళ్లలో పిల్లలకోడి అనే గుంపు ఇదే. కంటితో ఎన్ని లెక్కపెట్టగలిగారో రాసుకోండి, ఆరు దాటితే మీ చోటు మంచిది. బైనాక్యులర్‌లో పదుల సంఖ్యలో విచ్చుకుంటాయి.
- ఆర్ద్ర: మూడు చుక్కలకు ఉత్తరాన ఎర్రటిది. వెలుగు మారే చుక్క ఇది, 2019 చివర నుంచి 2020 ఫిబ్రవరి దాకా కంటికే తెలిసేటంతగా మసకబారింది. రోహిణితో పోల్చి ఏది ఎక్కువ వెలుగో ప్రతిసారీ ఒక మాట రాసి పెట్టుకోండి.

మూడు చుక్కలకు దక్షిణాన, వేలాడే కత్తిలా ఒక చిన్న నిలువు వరుస ఉంటుంది. దాని నడుమ చుక్క మీదికి బైనాక్యులర్ తిప్పితే అది చుక్క కాదని తెలుస్తుంది. కొత్త చుక్కలు పుట్టే వాయు మేఘం అది. నేరుగా కాక కొంచెం పక్కకు చూడండి, కంటిలో చీకటిని బాగా పట్టే భాగం నడుమ ఉండదు. మేఘం అంచులు అప్పుడు రెక్కల్లా విప్పుకుంటాయి. ఫొటోల్లోని గులాబీ రంగు కోసం వెతకవద్దు, కంటికి అది బూడిద రంగులోనే ఉంటుంది.

## 6. తొమ్మిది గంటలు: దక్షిణం

మృగశిర మూడు చుక్కల గీతను ఈసారి తూర్పు ఆగ్నేయం వైపు పొడిగిస్తే రాత్రి ఆకాశంలోని చుక్కలన్నిటిలోకీ వెలుగైనది, మృగవ్యాధుడు, తగులుతుంది. ఫిబ్రవరి మధ్యలో తొమ్మిది దాటాక అది సరిగా దక్షిణాన, ఆరు పిడికిళ్ల ఎత్తున ఉంటుంది. ఆ సమయంలోనే దానికి నిట్టనిలువుగా కింద, మూడున్నర పిడికిళ్ల దూరంలో అగస్త్య నక్షత్రం ఉంటుంది. వెలుగులో ఇది రెండోది. నెల్లూరులో దిగంతం నుంచి 23 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, ఢిల్లీలో తొమ్మిది కూడా రాదు. ఇక్కడి నుంచి చూసేవారు ఉత్తరాది పుస్తకాల బొమ్మలను అలాగే నమ్మితే దీన్ని దిగంతం అంచున వెతుకుతూ ఉండిపోతారు.

కొత్తపట్నంలో మా మేనల్లుడు చాలాసేపు ఒక చుక్కను అగస్త్యుడని అందరికీ చూపించాడు. అది రొయ్యల గుంట గట్టు మీది దీపం. అనుమానం వచ్చినప్పుడు తాటిచెట్టు మొద్దుకో, కరెంటు స్తంభానికో ఆ వెలుగు ఆనేటట్టు నిలబడి, అక్కడే ఉండి పావుగంట ఆగాలి. చుక్క అయితే స్తంభం చాటుకు పోతుంది లేదా దూరం జరుగుతుంది, దీపం కదలదు.

బైనాక్యులర్ ఉంటే మృగవ్యాధుణ్ణి చూపులో పై అంచుకు జరిపి, కిందికి నాలుగు చిటికెన వేళ్ల వెడల్పు దిగండి. అక్కడ ఒక మసక చుక్కల గుంపు దొరుకుతుంది. చంద్రుడు లేని రాత్రుల్లో మాత్రమే ఇది సులువు.

## 7. గురుడు, కుజుడు: ఈ నెల ప్రత్యేకం

గురుడు ఫిబ్రవరి 10 ప్రాంతంలో, కుజుడు 19న సూర్యుడికి సరిగా ఎదురు దిక్కుకు వస్తున్నారు. ఆ రోజుల్లో గ్రహం సూర్యాస్తమయానికి ఉదయించి, అర్ధరాత్రి నడినెత్తికి చేరి, తెల్లవారేవరకు ఉంటుంది. ఇద్దరూ సింహరాశిలో, మఖ చుట్టుపక్కలే ఉన్నారు. ఎనిమిదిన్నరకు తూర్పున చూడండి. అన్నిటికంటే వెలుగైన తెల్లటిది గురుడు, దానికి పిడికిలి దూరంలో కింద ఎర్రటిది కుజుడు, కుజుడి దగ్గరే నీలి తెలుపు ఛాయలో మఖ.

గురుడి ఉపగ్రహాలు చూసే పద్ధతి:

- మోచేతులు బండి సీటు మీదో, గోడ మీదో ఆనించండి. చేత్తో పట్టుకుంటే వణుకులో ఉపగ్రహాలు కలిసిపోతాయి.
- ఫోకస్ ముందు మఖ మీద సరిచేయండి, చుక్క సూదిమొన అయ్యాక గురుడి మీదికి రండి.
- గ్రహానికి రెండు పక్కలా ఒకే గీత మీద ఉన్న చిన్న చుక్కలను లెక్కపెట్టండి. నాలుగుకు మించవు, కొన్నిసార్లు ఒకటి రెండు గ్రహం ముందో వెనుకో దాక్కుంటాయి.
- ఒక గీత గీసి నడుమ గుండ్రం పెట్టి, ఏది ఎంత దూరంలో ఉందో గుర్తించండి. మర్నాడు అదే వేళకు మళ్లీ గీయండి. అన్నిటికంటే లోపలిది 42 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి రెండు బొమ్మలు ఒకలా ఉండవు.

కుజుడి విషయంలో ఆశ తగ్గించుకోవాలి. ఈసారి అది భూమికి సుమారు 10 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, 2003 ఆగస్టులో 5.6 కోట్ల కిలోమీటర్లకు దగ్గరైంది. కనుక ఫోన్లలో తిరిగే ‘చంద్రుడంత కుజుడు’ కబురును ఈసారీ నమ్మనక్కరలేదు. చిన్న టెలిస్కోపులో కూడా ఎర్రటి చిన్న బిళ్లగానే కనిపిస్తాడు.

అయితే కంటితో చూడదగ్గ పని ఒకటి ఉంది, నా ఉద్దేశంలో ఈ నెల మొత్తానికి అదే మేలైనది. కుజుడు ఇప్పుడు వక్రగతిలో, చుక్కల మధ్య పడమటికి నడుస్తున్నాడు. నెల మొదట్లో మఖకు తూర్పున ఉంటాడు, 19, 20 తేదీల్లో దానికి నాలుగు డిగ్రీలు ఉత్తరంగా దాటుతాడు, నెలాఖరుకు పడమటికి చేరుతాడు. నాలుగైదు రోజులకొకసారి మఖ, గురుడు, కుజుడు మూడింటినీ ఒకే కాగితం మీద గుర్తిస్తే నెలాఖరుకు ఆ నడక గీతగా కనబడుతుంది. దీనికి మిద్దె చాలు, బైనాక్యులర్ కూడా అక్కరలేదు.

## 8. మేలుకొని ఉండేవారికి

పదకొండు గంటలకు పుష్యమి గుంపు నడినెత్తి దగ్గర ఉంటుంది. పునర్వసు జంట చుక్కలకూ గురుడికీ నడుమ కంటికి పొగమరకలా, బైనాక్యులర్‌లో తేనెటీగల గుంపులా ఉంటుంది. మూడు గంటలకు దక్షిణ శిలువ సరిగా దక్షిణాన, పిడికిలిన్నర ఎత్తున నిలుస్తుంది. దానికి ముందు అదే దారిలో వచ్చే పెద్ద శిలువ ఆకారం వేరే చుక్కలది, చాలామంది దాన్నే అసలుదనుకొని పడుకుంటారు. అసలు శిలువ చిన్నది, ఎడమ పక్కన రెండు వెలుగైన చుక్కలు తోడుగా ఉంటాయి. అయిదు గంటలకు తూర్పున వేగుచుక్క, అంటే శుక్రుడు, వెతకకుండానే కనిపిస్తుంది.

## 9. తరచుగా వచ్చే చిక్కులు, విరుగుడు

బైనాక్యులర్‌లో ప్రతి చుక్కా రెండుగా కనిపిస్తోంది. రెండు గొట్టాల మధ్య దూరం మీ కళ్లకు సరిపోలేదు. మడిచి, రెండు గుండ్రాలు ఒకటయ్యేవరకు సరిచేయండి. అప్పటికీ రెండుగానే ఉంటే అద్దాలు జరిగినట్టే, బాగుచేయించాలి.

చుక్కలు తోకలతో ఉన్నాయి. ముందు ఎడమ కంటికి నడిమి చక్రంతో, తరువాత కుడి కంటికి దాని గొట్టం మీది రింగుతో ఫోకస్ చేయాలి. చాలామందికి ఆ రింగు ఉన్నట్టే తెలియదు.

ఒక వెలుగు కదులుతోంది. ఎర్ర, ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటే విమానం. మిణుకు లేకుండా సాగి మధ్యలో ఆరిపోతే ఉపగ్రహం, భూమి నీడలోకి పోయింది. వరుసగా ముత్యాల్లా సాగితే ఒకేసారి ప్రయోగించిన ఇంటర్నెట్ ఉపగ్రహాలు.

పదింటికల్లా అంతా మసకైంది. తీరాన ఇది మామూలే. అడుగున తేమ పొర దట్టమవుతుంది. దిగంతం వదిలి నడినెత్తికి మారండి.

## 10. 21 తెల్లవారుజాము: ఉపచ్ఛాయ గ్రహణం

20 సాయంత్రం చంద్రుడు, మఖ, కుజుడు కలిసి లేస్తారు. చంద్రుడి వెలుగుకు మఖ వెలవెలబోతే బొటనవేలితో చంద్రుణ్ణి కప్పి చూడండి. మర్నాటి తెల్లవారుజామున రెండున్నర దాటాక చంద్రుడు భూమి పలచని నీడలోకి పోతాడు, నాలుగూ ముప్పావుకు నడిమి ఘట్టం. ముదురు నీడ తాకదు కాబట్టి ముక్క కొరికినట్టు ఏమీ కనిపించదు, పంచాంగాలు కూడా సాధారణంగా దీనికి పట్టువిడుపుల వేళలు ఇవ్వవు. నాలుగు గంటల నుంచి పడమటికి తిరిగి కూర్చొని, కుడివైపు అంచు ఎడమ అంచు కంటే పొగచూరినట్టు ఉందో లేదో చూడాలి.

తేడా పట్టుకోవడానికి సులువైన దారి ఫొటోలు. ఫోనును స్టాండుకు బిగించి, వెలుగు సర్దుబాటును చేత్తో ఒకచోట నిలిపి, రెండు గంటలకు ఒకటి, నాలుగూ ముప్పావుకు ఒకటి తీయండి. సర్దుబాటును ఫోనుకే వదిలేస్తే అది రెండు ఫొటోలనూ ఒకే వెలుగుకు తెచ్చి తేడాను చెరిపేస్తుంది.